వెలుతురు బెత్తెడు దూరం నడిచే వ్యవధిలో

రెండు ప్రోటీన్లు బతికున్న కణంలో నిజంగా ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయా లేదా? ఈ ఒక్క ప్రశ్న నా చేత పద్నాలుగు నెలలు పని చేయించింది.

ఒకటి ఈజీఎఫ్‌ఆర్. కణం పైపొరలో నాటుకుని ఉండే గ్రాహకం. బయటి నుంచి ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం వచ్చి తాకగానే ఇది తన సాటి గ్రాహకంతో జతకడుతుంది. ఆ జత కణం లోపలివైపు ఉన్న తోకల్లోని టైరోసిన్లు అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్లను తగిలించుకుంటుంది. రెండోది గ్రబ్2. 217 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. దానిలోని ఎస్‌హెచ్2 అనే భాగం ఫాస్ఫేట్ తగిలిన ఆ టైరోసిన్‌ను గుర్తుపట్టి అతుక్కుంటుంది. కణం పెరగాలి, విభజన చెందాలి అన్న కబురు అక్కడి నుంచే లోపలికి సాగుతుంది. ఈజీఎఫ్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి దక్కింది. గ్రబ్2 గ్రాహకానికి ఎలా అతుక్కుంటుందో కూడా ఎప్పుడో తేలిపోయింది. పాఠ్యపుస్తకంలో ఇదంతా ఒక బాణం గుర్తు. ఆ బాణం ఏ క్షణంలో మొదలవుతుంది, కణంలో ఏ చోట, ఎంతసేపు నిలుస్తుంది? ఇవి నాకు కళ్లతో చూడాలనిపించింది. కణాలను నలగ్గొట్టి, ప్రోటీన్లను బయటికి లాగి, జెల్ మీద గీతలుగా చూడటం నాకు తెలిసిన పద్ధతే. కానీ కణాన్ని నలగ్గొట్టాక ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు చోటుండదు.

మొదట అందరూ చేసే పనే చేశాను. ఈజీఎఫ్‌ఆర్ తోక చివర ఆకుపచ్చగా వెలిగే ఈజీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ను, గ్రబ్2కు ఎర్రగా వెలిగే ఎంచెర్రీ అనే ప్రోటీన్‌ను తగిలించి, రెంటినీ ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే మనిషి కణాల్లో తయారయ్యేలా చేశాను. ఎంచెర్రీ పొడవు 236 అమైనో ఆమ్లాలు. అంటే గ్రబ్2కు మేం కట్టిన దీపం దానికన్నా పెద్దది. ఇంత బరువు మోస్తూ అది తన పని తాను చేసుకోగలదా అన్న భయం నన్ను చివరిదాకా వదల్లేదు. దీపాన్ని ఏ కొసకు కట్టాలి, మధ్యలో ఎంత పొడవు దారం వదలాలి అన్నవి చూసుకోవడానికే రెండు నెలలు పట్టింది.

ఈజీఎఫ్ పోసిన పది నిమిషాలకు మామూలు కాన్ఫోకల్ మైక్రోస్కోపులో ఆకుపచ్చ, ఎరుపు బొమ్మలను ఒకదానిపై ఒకటి పరిచాను. కణం అంచంతా పసుపుపచ్చగా మెరిసింది. సంతోషంతో బొమ్మను మా గైడ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు చూసి ఒక్క మాట అడిగారు. “ఈ బొమ్మలో రెండు చుక్కలను విడివిడిగా చూడాలంటే వాటి మధ్య ఎంత దూరం ఉండాలి?”

సుమారు 200 నానోమీటర్లు. కాంతి అలల స్వభావం వల్ల వచ్చే ఆ హద్దును మామూలు కటకాలతో దాటలేం. ప్రోటీన్లు తాకాలంటే వాటి మధ్య దూరం పది నానోమీటర్ల లోపే ఉండాలి. ఒకే రైలు పెట్టెలో కూర్చున్నంత మాత్రాన ఇద్దరు చేయీ చేయీ పట్టుకున్నారని చెప్పలేం కదా. నా పసుపు రంగు బొమ్మ చెప్పింది పెట్టె సంగతే.

ఆ సాయంత్రం నుంచే ఫ్లిమ్ మీద పని మొదలుపెట్టాను. ప్రతిదీప్తి, అంటే వెలుతురును మింగిన అణువు తిరిగి వదిలే వెలుగు, ఎంత ఉందో చూడటం కాకుండా, అది ఎంతసేపు నిలుస్తుందో కొలిచి బొమ్మ గీసే పద్ధతి ఇది.

ఈజీఎఫ్‌పీ ఒక ఫోటాన్‌ను మింగాక వెంటనే వెలగదు. ఆ శక్తిని సగటున 2.4 నానోసెకన్లు తనలో ఉంచుకుని, తర్వాత ఆకుపచ్చ ఫోటాన్‌గా వదులుతుంది. ఆ వ్యవధే దాని ప్రతిదీప్తి ఆయువు. ఎంచెర్రీ బాగా దగ్గరికి వస్తే ఆ శక్తిలో కొంత వెలుగుగా మారకుండానే దానికి చేరిపోతుంది. ఇచ్చేది దాత, పుచ్చుకునేది గ్రహీత. దాత శక్తి వేరే దారిలో కూడా ఖర్చవుతుంది కాబట్టి దాని ఆయువు తగ్గుతుంది. ఈ శక్తి బదిలీని లెక్క కట్టింది థియోడోర్ ఫోర్‌స్టర్, 1940లలో. ఆయన పేరు మీదే దీన్ని ఫ్రెట్ అంటున్నాం. ఇందులో అందమంతా దూరం ఆరో ఘాతంలో ఉండటమే. నా జంటకు సుమారు 5 నానోమీటర్ల దూరంలో సగం శక్తి బదిలీ అవుతుంది. దూరం రెట్టింపై 10 నానోమీటర్లయితే బదిలీ ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. ప్రకృతి ఇచ్చిన ఇంత కచ్చితమైన కొలబద్ద మరొకటి ఉందా అని ఆ సమీకరణం చదివినప్పుడల్లా అనుకుంటాను.

గ్రహీత ఎంత వెలుగుతోందో చూసి కూడా ఫ్రెట్‌ను కొలవవచ్చు. కానీ అక్కడ ఒక రంగు మరో రంగు గదిలోకి కారుతుంది. ఒక్కో కణంలో రెండు ప్రోటీన్ల పాళ్లు ఒక్కోలా ఉంటాయి. వాటిని సరిచేసే లెక్కలు చాంతాడంత. ఆయువుకు ఆ బెడద లేదు. పది అణువులున్నా పదివేలున్నా 2.4 నానోసెకన్లు 2.4 నానోసెకన్లే. పైగా ఎంచెర్రీ వెలుగు మసకగా ఉన్నా నష్టం లేదు. మనం చూసేది దాతను మాత్రమే.

2.4 నానోసెకన్లంటే వెలుతురు 72 సెంటీమీటర్లు నడిచే సమయం. ఫ్రెట్ జరిగితే ఆయువు 2.1కి తగ్గవచ్చని నా అంచనా. ఆ రెంటి మధ్య తేడా వెలుతురు తొమ్మిది సెంటీమీటర్లు, అంటే బెత్తెడు దూరం, నడిచే వ్యవధి. ఆ బెత్తెడు కోసమే ఇంత యంత్రాంగం.

యంత్రం చేసే పని చెప్పడానికి తేలిక. లేజరు సెకనుకు నాలుగు కోట్ల సార్లు మెరుస్తుంది, అంటే 25 నానోసెకన్లకు ఒక మెరుపు. మెరుపు పడగానే గడియారం మొదలవుతుంది, ఫోటాన్ వచ్చి డిటెక్టర్‌ను తాకగానే ఆగుతుంది. ఆ సమయాన్ని రాసుకుని మళ్లీ మొదలు. చాలా మెరుపులకు ఫోటానే రాదు. వచ్చిన వాటిని సమయాన్ని బట్టి పేర్చుకుంటూ పోతే, ముందు ఎత్తుగా లేచి తర్వాత మెల్లగా కిందికి జారే ఒక గీత తయారవుతుంది. ఆ జారుడు వాలులోనే ఆయువు ఉంటుంది. బొమ్మలోని ప్రతి చుక్కకూ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, ఇలాంటి గీత ఒకటి.

ఒకరోజు గీత మొత్తం పక్కకు జరిగి ఉంది. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, ఎవరో కేబుల్ మార్చారు. మీటరు పొడవు కేబుల్ అదనంగా చేరితే సంకేతం సుమారు 5 నానోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అది నేను కొలవబోయే ఆయువుకు రెండింతలు! అప్పటి నుంచి ప్రతి ఉదయం కణాలను పెట్టకముందే క్షార ద్రావణంలో కలిపిన ఫ్లోరెసీన్ అనే వెలిగే రంగు చుక్కను కొలవడం అలవాటు చేసుకున్నాను. దాని ఆయువు సుమారు 4 నానోసెకన్లు. ఆ సంఖ్య వస్తేనే ఆ రోజు పని మొదలు.

ఇక అసలు కథ.

మొదటి ప్రయోగంలోనే కోరుకున్నది వచ్చింది. ఈజీఎఫ్ పోసిన కణాల్లో పైపొర వెంబడి ఆయువు 2.1, లోపల 2.4. ఆయువును రంగులుగా చూపించే బొమ్మలో కణం నీలంగా, అంచు నారింజ రంగు దారంలా ఉంది. అంతకన్నా అందమైన బొమ్మ నేనప్పటిదాకా తీయలేదు. మైక్రోస్కోపు గదిని చూసుకునే మేడంను పిలిచి చూపించాను.

“దాత ఒక్కటే ఉన్న కణాలు చూశావా?”

“ఇంకా లేదు మేడం. రేపు చూస్తాను.”

“వాటిని ఇవాళే చూసి ఇంటికి వెళ్లు.”

ఆ కణాల్లో ఎంచెర్రీ లేదు, ఫ్రెట్ జరిగే వీలే లేదు. అయినా అదే నారింజ దారం, అదే 2.1. అంచును చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

కారణం వెతకడానికి మూడు వారాలు పట్టింది. నా గడియారం ఒక మెరుపుకు ఒక్క ఫోటాన్‌నే లెక్కపెడుతుంది. మొదటిది నమోదయ్యాక అదే మెరుపుకు రెండోది వచ్చినా దాని ముందు తలుపు మూసుకుని ఉంటుంది. వెలుగు ఎక్కువైతే ముందొచ్చిన ఫోటాన్లే లెక్కకెక్కుతాయి, ఆలస్యంగా వచ్చేవి పోతాయి, ఆయువు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఫోటాన్ల రాక మెరుపుల్లో ఒక శాతం దగ్గర ఉంచమంటారు. నా లేజరుకు అది సెకనుకు నాలుగు లక్షలు. నేను తెర మీద చూసుకున్న సంఖ్య అంతకన్నా తక్కువే. కానీ అది బొమ్మ మొత్తానికి సగటు! బొమ్మలో ముప్పాతిక వంతు చీకటి. గ్రాహకాలు కిక్కిరిసిన పైపొర దగ్గర ఆ సంఖ్య సగటుకు ఎన్నో రెట్లు ఉంది. గ్రాహకం ఎక్కువున్న చోటే వెలుగు ఎక్కువ, వెలుగు ఎక్కువున్న చోటే కొలత తప్పు. నేను ఎక్కడైతే కలయికను ఆశించానో సరిగ్గా అక్కడే తప్పు కూడా కలయిక వేషంలో కూర్చుంది. లేజరు బలాన్ని ఐదో వంతుకు తగ్గించగానే దాత కణాల అంచు 2.4కి చేరింది.

ఆ వెంటనే ఇంకో చిక్కు. వెలుగు తగ్గించాక, ఈసారి మసకగా ఉన్న కణాల్లో ఆయువు తక్కువగా రావడం మొదలైంది. కణానికి సొంతంగా కొంత వెలుగు ఉంటుంది. దాని జీవక్రియల్లో పాల్గొనే ఫ్లావిన్లు ఆకుపచ్చగానే వెలుగుతాయి, ఆ వెలుగులో కొంత భాగం ఆయువు చాలా తక్కువ. ఈజీఎఫ్‌పీ పుష్కలంగా ఉన్న కణంలో అది వరదలో వానచుక్క. ఈజీఎఫ్‌పీ తక్కువున్న కణంలో అదే ఆయువును కిందికి లాగుతుంది. కణాలను పెంచే ద్రావణంలోని రైబోఫ్లావిన్ కూడా దీనికి తోడైంది. చూసే సమయానికి రైబోఫ్లావిన్, ఫినాల్ రెడ్ అనే రంగు లేని ద్రావణంలోకి మార్చాను. ఏ దీపమూ లేని కణాలను ముందే కొలిచి, వాటి వెలుగుకు కనీసం ఇరవై రెట్లు వెలిగే కణాలనే తీసుకోవాలని గీత గీసుకున్నాను. అటు మరీ వెలిగేవీ వద్దు, ఇటు మరీ మసకవీ వద్దు. పళ్లెంలో పది కణాలు చూస్తే రెండో మూడో మిగిలేవి.

ఎన్ని ఫోటాన్లు చాలు అన్నది మరో పెద్ద లెక్క. ఒక చుక్కలో 100 ఫోటాన్లుంటే ఆయువులో లోపం పది శాతం, అంటే 2.4కు అటూ ఇటూ 0.24. నేను వెతుకుతున్న తేడా 0.3. ఆ లోపంతో 2.4నూ 2.1నూ విడదీయడం నీళ్లలో గీత గీయడమే. 1000 ఫోటాన్లుంటే లోపం మూడు శాతానికి దిగుతుంది. కానీ లేజరు బలం తగ్గించాను కాబట్టి ఒక్కో చుక్కకు వెయ్యి ఫోటాన్లు కూడాలంటే బొమ్మకు రెండు నిమిషాలు పైగా పడుతుంది. ఈజీఎఫ్ పోశాక గ్రబ్2 పైపొరకు చేరేది మొదటి నిమిషంలోనే! నేను బొమ్మ తీయడం పూర్తయ్యేసరికి చూడాల్సింది జరిగిపోయేది. ఎన్నో రోజులు రెండూ కావాలని మొండికేశాను. చివరికి బొమ్మలోని వివరాన్ని వదులుకున్నాను. ఇరవై సెకన్లకు ఒక బొమ్మ తీసి, పైపొర మీది చుక్కలన్నిటి ఫోటాన్లనూ ఒకే గీతలో పోగుచేశాను. పైపొరలో ఏ మూల ఏం జరిగిందో తెలియదు. కానీ ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. సజీవ కణంతో పనిచేసేవారు ఈ బేరం ఎప్పుడో ఒకప్పుడు ఆడక తప్పదు, కాకపోతే ప్రయోగానికి ముందే ఆడితే నెలలు మిగులుతాయి.

వేడి గురించి కూడా చెప్పాలి. కణాలను 37 డిగ్రీల దగ్గర ఉంచే పెట్టె ఉంది కదా అని ధీమాగా ఉన్నాను, కానీ కటకం సంగతి మరిచాను. నూనె చుక్కతో గాజుకు ఆనుకుని ఉండే పెద్ద లోహపు కటకం చల్లగా ఉంటే కణాల్లోని వేడిని అదే లాగేస్తుంది. గ్రాహకాలు లోపలికి వెళ్లడం మందగించి, ఒక్కో రోజు ఒక్కో ఫలితం వచ్చేది. కటకానికి కూడా వేడి పట్టీ చుట్టి, అంతా కుదురుకోవడానికి రెండు గంటలు వదిలాకే రోజుల మధ్య తేడాలు తగ్గాయి. ఫోకస్ జారిపోవడమూ దాంతోనే ఆగింది.

ఇవన్నీ కుదిరాక, పదకొండో నెలలో, అసలు ప్రయోగం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందురోజు రాత్రంతా కణాలకు సీరం ఇవ్వలేదు, లేకపోతే అందులోని వృద్ధి కారకాలతో గ్రాహకాలు ముందే మేలుకుని ఉంటాయి. ఎదురుగా తెర మీద ఫేజర్ చిత్రం. దీన్ని చూడటం నేర్చుకున్నాక నాకు మరేదీ అంత నచ్చలేదు. ఒక అర్ధవృత్తం ఉంటుంది. బొమ్మలోని ప్రతి చుక్కా తన గీత ఆకారాన్ని బట్టి ఒక బిందువుగా అందులో వచ్చి కూర్చుంటుంది. ఒకే ఆయువున్నవి సరిగ్గా వృత్తం మీద, రెండు ఆయువుల మిశ్రమాలు ఆ రెండు బిందువులను కలిపే సరళరేఖ మీద. ఏ సూత్రాన్నీ గీతకు అతికించే పని లేదు. ఈజీఎఫ్ పోయకముందు నా బిందువులు వృత్తం అంచున చిన్న మబ్బులా గుమిగూడి ఉన్నాయి.

ఈజీఎఫ్ పోశాను. మొదటి ఇరవై సెకన్ల బొమ్మలోనే మబ్బు కుడివైపుకు, వృత్తం లోపలికి కాస్త జరిగింది. రెండో బొమ్మలో ఇంకొంచెం. మూడో నిమిషానికి పైపొర ఆయువు 2.1 దగ్గర ఆగింది. లెక్క కడితే పన్నెండున్నర శాతం బదిలీ. ఊపిరి బిగబట్టి చూస్తున్నానని మేడం భుజం తట్టేదాకా తెలియలేదు.

ఈసారి సంబరానికి తొందరపడలేదు. దాత ఒక్కటే ఉన్న కణాల్లో ఈజీఎఫ్ పోసినా మబ్బు కదల్లేదు. గ్రబ్2 లేకుండా ఉత్త ఎంచెర్రీ ఉన్న కణాల్లోనూ కదల్లేదు, అంటే రద్దీలో యాదృచ్ఛికంగా ఎదురుపడటం కాదు. ఈజీఎఫ్‌పీని, ఎంచెర్రీని చిన్న దారంతో ఒకదానికొకటి కట్టేసిన జంట మాత్రం ఈజీఎఫ్ లేకున్నా తక్కువ ఆయువే చూపింది, అంటే యంత్రానికి ఫ్రెట్ కనిపిస్తోంది. గ్రహీతను బలమైన లేజరుతో ఆర్పేస్తే దాత ఆయువు తిరిగి పెరగాలి. మొదట పైపొరలో చిన్న ముక్కను ఆర్పి చూశాను, ఏమీ మారలేదు. ఒక పూట నిరుత్సాహపడ్డాక అర్థమైంది. బతికున్న కణంలో గ్రబ్2 ఒకచోట కట్టేసి ఉండదు. ఆర్పిన చోటికి సైటోప్లాజం నుంచి వెలిగే గ్రబ్2 క్షణాల్లో వచ్చి చేరుతోంది. కణంలోని ఎంచెర్రీ అంతటినీ ఆర్పాక దాత ఆయువు 2.38కి వచ్చింది.

నన్ను పూర్తిగా ఒప్పించినది మాత్రం ఆర్86కే. గ్రబ్2లో 86వ స్థానంలోని ఆర్జినిన్‌ను లైసిన్‌గా మారిస్తే దాని ఎస్‌హెచ్2 భాగం ఫాస్ఫేట్ ఉన్న టైరోసిన్‌ను పట్టుకోలేదు. మిగతా ప్రోటీన్ అంతా అదే, దీపం అదే, బరువు అదే. ఈజీఎఫ్ పోశాను. ఇరవై సెకన్లు, నలభై, నిమిషం, ఐదు నిమిషాలు. మబ్బు ఉన్నచోటే ఉంది. అన్ని నెలల్లో, ఏమీ జరగనందుకు నేను అంతగా ఆనందించిన రోజు అదొక్కటే.

ఎంతమేరకు గ్రబ్2 అతుక్కుందో మాత్రం నేను ఒక్క సంఖ్యగా రాయలేదు. కణం సొంతంగా తయారు చేసుకునే గ్రబ్2కు దీపం ఉండదు, అది అతుక్కున్న గ్రాహకం నా లెక్కలో ఒంటరిగానే కనిపిస్తుంది. తయారైన ఎంచెర్రీల్లో కొన్ని ఇంకా పూర్తిగా పరిపక్వం కాక శక్తిని పుచ్చుకోలేవు. కాబట్టి 2.1 అన్నది కలయికకు గుర్తే కాని, కలిసినవాటి జనాభా లెక్క కాదు. గణాంకాలకు వచ్చేసరికి చుక్కలను కాక కణాలనే లెక్కించాను. ఒక కణంలోని అరవై వేల చుక్కలు అరవై వేల సాక్షులు కావు, ఒకే సాక్షి.

చివరి ప్రయోగాల్లో ఒక కణాన్ని ఈజీఎఫ్ పోశాక అరగంట దాకా వదలకుండా చూశాను. పదిహేనో నిమిషానికి పైపొర వెలుగు పలచబడి, గ్రాహకాలు చిన్న చిన్న చుక్కలుగా కణం లోపలికి దిగాయి. అవి ఎండోసోములు, లోపలికి మింగిన పైపొర సంచులు. సంకేతం అక్కడితో ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆ చుక్కల మీది ఫోటాన్లను మాత్రం విడిగా పోగుచేసి ఫేజర్‌లో పెట్టాను. ఆయువు 2.15. గ్రాహకం లోపలికి వెళ్తూ కూడా గ్రబ్2 చేయి వదల్లేదు. ఆ చుక్కల్లో ఒకటి కేంద్రకం వైపు మెల్లగా కదులుతుంటే, తెర మీద వేలు పెట్టి దాని వెంటే వెళ్లాను.